పాఠశాలలో యంత్రము – ఉపాధ్యాయుని స్వాతంత్ర్యము

ఏ పనిముట్టునకైనను రెండు జన్మములు గలవు. శిల్పి చేతినుండి వెలువడుట మొదటి జన్మము. వాడువాని చేతిలో బడి, వాని పనికి గుదిరి, వాని వ్రేళ్లకు అలవాటై, కడకు వాని యాలోచనలో నొక భాగమగుట రెండవ జన్మము. నాగలి రైతు చేతిలోను, గంటము లేఖకుని చేతిలోను ఈ రెండవ జన్మము నెత్తినవి. మొదటి జన్మమునకు ధనము చాలును. రెండవదానికి ధనము చాలదు. కాలము కావలెను, చనువు కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా స్వాతంత్ర్యము కావలెను. మన ఉన్నత పాఠశాలలకు గడచిన 40 ఏండ్లుగా వచ్చుచున్న కంప్యూటర్లు, ట్యాబులు, గోడకు దగిలించిన పెద్ద తెఱలు మొదటి జన్మమును బొందినవి. వీనిలో ఎన్ని రెండవ జన్మమును బొందినవి?

పొందనివానిని గూర్చి లోకమున రెండు మాటలు వాడుకలో నున్నవి. ఉపాధ్యాయుడు పాతకాలపువాడు, క్రొత్తదానిని జూచి బెదరును, పైగా సోమరి యని కొందఱందురు. కొన్న వస్తువు మంచిది కాదు, ఇంకను మేలైనదానిని గొనవలెనని మఱికొందఱందురు. మొదటి మాట అధికారులకు ఇంపైనది. రెండవ మాట వర్తకులకు ఇంపైనది. రెండింటను కొంత సత్యము లేకపోలేదు. కాని రెండును అసలు ప్రశ్నను దాటిపోవుచున్నవని మా యభిప్రాయము. అసలు ప్రశ్న ధర్మమునకు సంబంధించినది. ఒకనికి పనిముట్టు నిచ్చి, దానిని ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు మానవలెనో నిర్ణయించు అధికారము నీయకున్నచో, అది ఇచ్చుట యగునా? వాడనందుకు వానిని నిందించుట న్యాయమగునా?

ఈ ప్రశ్నను విచారించుటకు చిత్తూరు, తిరుపతి సీమలు మిక్కిలి తగిన చోట్లు. 2004 సెప్టెంబరు 20వ తేదీని శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహము నింగి కెగసెను. విద్యకొఱకే ప్రత్యేకముగా నిర్మింపబడిన మొట్టమొదటి భారతీయ ఉపగ్రహ మది. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీని క్రొత్త జిల్లా లేర్పడినప్పుడు తిరుపతి జిల్లాలో జేరెను. ఆ ఉపగ్రహము సుమారు 6 ఏండ్లు పనిచేసి 2010లో విరమించెను. ఇంతియకాదు. తిరుపతియందు 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును, ఆ పరిసరములందే 2015లో ఐ.ఐ.టి.యు వెలసినవి. ఆకసమునకు బాఠములు బంపగల సీమ యిది. అయినను ఆకసమునుండి దిగిన పాఠము గడప దాటి పిల్లవాని బుద్ధిలో బ్రవేశించుటకు నడుమ ఒక మనుష్యుడు గలడు. అతడు సుద్దముక్క చేత బట్టుకొని 45 నిమిషముల గంటలో అంతమంది పిల్లలయెదుట నిలిచియుండు ఉపాధ్యాయుడు. అతనిని దాటి పోవలెనని చేసిన ప్రయత్నములన్నియు అతనియొద్దనే యాగిపోయినవి.

ఈ కథ మనకే క్రొత్తదికాదు. 1913లోనే అమెరికాదేశమున థామస్ ఎడిసన్, పాఠశాలలలో బుస్తకములు త్వరలో మూలబడుననియు, చలనచిత్రముచే సమస్త విద్యలను నేర్పవచ్చుననియు, పదేండ్లలో బడి స్వరూపమే మాఱిపోవుననియు జెప్పెను. నూఱేండ్లు దాటినవి, పుస్తకము చావలేదు. చలనచిత్రము తరువాత రేడియో, రేడియో తరువాత టెలివిజన్, ఒక్కొక్కటియు అదే వాగ్దానముతో వచ్చినది. లారీ క్యూబన్ అను విద్యాచరిత్రకారుడు 1986లో వెలువరించిన గ్రంథమున ఈ మూడింటి చరిత్రను బరిశీలించి, వాని కన్నిటికిని ఒకే నడక గలదని చూపెను. మొదట ఉత్సాహము, పిమ్మట పండితుల పరిశోధనలు, ఆ పిమ్మట నిరాశ, కడపట ఉపాధ్యాయునిపై నింద. ఈ నాలుగు మెట్లను మనదేశమునకు అన్వయించి చూచినచో, చదువరులకు బరిచితములైన దృశ్యములే కనబడును.

1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఒక సంవత్సరముపాటు, అమెరికా ఉపగ్రహము నెరవుదెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్‌తో గూడ 6 రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములను బ్రసారము చేసిరి. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. గడువు తీఱగనే ఉపగ్రహము వెడలిపోయెను. ఎరువుల సొమ్ము బరువుల చేటను సామెత యూరక పుట్టలేదు. 1984లో క్లాస్ అను పథకముక్రింద బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు కొన్ని పాఠశాలలకు వచ్చినవి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డు కంపెనీ ప్రభుత్వముతో గలసి, చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమున మూడేండ్ల గడువుతో ఐ-కమ్యూనిటీ యను పథకము నెలకొల్పి, గ్రామములలో సమాచార కేంద్రములను దెఱచెను. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు గదులను బ్రైవేటు కంపెనీలచే నెలకొల్పించి, అయిదేండ్లు వారిచేతనే నడపించి, పిమ్మట దాను స్వీకరించు నొప్పందము చేసికొనెను. 2020లో మహమ్మారి బడులను మూసినప్పుడు దూరదర్శన్ వారి సప్తగిరి ఛానెల్, తిరుమల యేడుకొండల పేరు దాల్చిన ఆ ఛానెల్, పదవతరగతి పిల్లలకు విద్యామృతమను పేర బాఠములు ప్రసారము చేసెను.

ఆ తరువాత వచ్చిన వెల్లువ అన్నిటికంటె బెద్దది. 2022 డిసెంబరు 21వ తేదీని ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకును, వారి యుపాధ్యాయులకును గలిపి 5,18,740 ట్యాబులను బంచు కార్యము మొదలయ్యెను. మఱుసటి యేడు అదే తేదీని 4,34,185 ట్యాబుల పంపకము మొదలయ్యెను. బైజూస్ అను కంపెనీ 2022 జూనులో ప్రభుత్వముతో జేసికొన్న యొప్పందము ననుసరించి పాఠ్యాంశములను సమకూర్చెను. మన బడి నాడు-నేడు పథకముక్రింద ఉన్నత పాఠశాలల తరగతిగదులకు ఐ.ఎఫ్.పి. అనబడు పెద్ద తెఱలు వచ్చినవి. 2024 జూనులో బ్రభుత్వము మాఱెను. అదే సంవత్సరము జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా విచారణలో బడెను. పంచినవారిని గాని, పాఠములు చేసినవారిని గాని మేమిక్కడ దూషింపబోము. పేద పిల్లవాని చేతికి ధనికుని బిడ్డ చేతిలోని వస్తువునే యీయవలెనను కోరికలో న్యాయము గలదు. కాని చదువరులు ఒక్క సంగతిని గమనింపవలెను. ఈ యేబదియేండ్ల జాబితాలో ప్రతి పనిముట్టును పైనుండి వచ్చినది; దానితోపాటు దాని గడువును, దాని పాఠమును, దాని లెక్కయు బైనుండియే వచ్చినవి. ఉపాధ్యాయుడు కోరి తెప్పించుకొన్న దొక్కటియు లేదు.

ఇక తరగతిగదిలో యంత్రమును వాడుటకును, వాడకుండుటకును గారణములేవో చూతము. ఫ్రెడ్ డేవిస్ అను పండితుడు 1989లో, మనుష్యుడు క్రొత్త యంత్రమును స్వీకరించుట ముఖ్యముగా రెండు తలంపులపై నాధారపడునని చెప్పెను: ఇది నా పనికి బనికివచ్చునను తలంపు ఒకటి, ఇది నాకు సులువను తలంపు రెండవది. పెగ్గీ ఎర్ట్మర్ అను విదుషి 1999లో, ఉపాధ్యాయునికి రెండు విధములైన యడ్డంకు లున్నవని వ్రాసెను. వస్తువు, కాలము, శిక్షణ, సహాయము లేకుండుట వెలుపలి యడ్డంకి. బోధన యననేమి, పిల్లవాడు ఎట్లు నేర్చును అను విషయములందు ఉపాధ్యాయునకు గల నమ్మకము లోపలి యడ్డంకి. మొదటిది తొలగినను రెండవది నిలిచియుండవచ్చును. మన పాలకులు సాధారణముగా మొదటిదానిలో సైతము ఒక్క వస్తువునే చూచి, తక్కిన మూడింటిని మఱతురు.

ఉదాహరణమునకు ఒక 9వ తరగతి గణితోపాధ్యాయురాలిని ఊహింతము. ఆమెకు గంట 45 నిమిషములు. తెఱ వెలుగుటకు, జాలము అందుటకు, కావలసిన పాఠము దొరకుటకు 10 నిమిషములు పోయినవనుకొందము. ట్యాబులైనచో ఇద్దఱి ట్యాబులలో చార్జింగు లేదు, నలుగురు సంకేతపదమును మఱచిరి, ఒకడు ఇంటియొద్ద విడిచివచ్చెను. మిగిలిన కాలములో ఆమె చెప్పవలసిన పాఠము ఎప్పటంతయే. సంవత్సరాంతమున ఆ పిల్లలు పైతరగతికి బోవుదురు. ఆపై పదవతరగతి పరీక్ష కాగితముమీద, కలముతో వ్రాయవలెను. ఆ పరీక్షలో ఫలితములు తగ్గినచో సంజాయిషీ అడుగబడునది ఆమె. తెఱ కాదు, కంపెనీ కాదు. ఇట్టి స్థితిలో ఆమె సుద్దముక్క చేతికి దీసికొన్నచో దానిని సోమరితనమందుమా, వివేకమందుమా? ఆమె తన కాలమును కొలిచి, తన బాధ్యతను దూచి, ఒక నిర్ణయమునకు వచ్చినది. వెలుపలినుండి చూచువానికి అది నిరాకరణమువలె గనబడును. లోపలినుండి చూచినచో అది లెక్క.

దీనికి భయమొకటి తోడగును. ప్రభుత్వపు సొత్తు జాబితాలో నెక్కిన వస్తువు పగిలినచో ఎవరు సమాధానము చెప్పవలెను? ప్రధానోపాధ్యాయుడు. కావున వస్తువు ఎంత విలువైనదో బీరువా తాళము అంత గట్టిది. పిల్లలు తాకనిచో చెడదు; చెడనిచో తనిఖీలో మాట రాదు. వాడినందుకు శిక్ష కలుగు నవకాశమును, వాడనందుకు నిందయు గల పాఠశాలలో, మనుష్యుడు నిందను సహించి శిక్షను దప్పించుకొనును. ఇది ఉపాధ్యాయజాతికి మాత్రమే గల గుణము కాదు. ఏ కచేరీలోని గుమాస్తాయైనను ఇట్లే చేయును.

మఱియొక కారణము, యంత్రము ఉపాధ్యాయునికి మొదట పరిచయమైన వేషము. 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరును వారి ముఖచిత్రముచే నమోదుచేయు యాప్ వచ్చెను. అది వారి సొంత ఫోనులలోనే యుండవలెననగా ఉపాధ్యాయసంఘములు అభ్యంతరము దెలిపెను. ఆ కాలముననే మరుగుదొడ్ల పరిశుభ్రతను జూపు ఛాయాచిత్రములను దీసి పంపు పనియు వారిపై బడెను. ఈ పనుల మంచిచెడ్డలను మేమిక్కడ తేల్చబోము. కాని ఒక మాట యడుగుదుము. ఉదయము గడప దాటకముందే ఉపాధ్యాయుని మొగమును దనిఖీచేసిన యంత్రము, రెండవ గంటలో అతనికి బ్రియమైన బోధనసాధన మెట్లగును? కావలివానిని నెచ్చెలిగా భావింపుమనుట కష్టము.

ఇంతవఱకు జెప్పినది వాడకపోవుటను గూర్చి. వాడుటయందు గల ఆపద ఇంకను గొప్పది. మా వ్యాసమునకు ముఖ్యమైనది అదియే. పై యధికారి వాడుకను నిమిషములలో లెక్కింప మొదలిడినచో, పాఠశాలలు నిమిషములను సరఫరా చేయును. తెఱ వెలిగించి యుంచవచ్చును. ఎవరును జూడకుండ దృశ్యపాఠమును నడువనీయవచ్చును. పిల్లలను ట్యాబులతో గూర్చుండబెట్టి ఛాయాచిత్రము దీసి, పిమ్మట ట్యాబులను సంచులలో బెట్టుడని చెప్పవచ్చును. లెక్క పూర్ణమగును, నివేదిక శోభిల్లును. కాని ఆ గదిలో నలువది జతల కన్నులు ఆ కార్యమును జూచుచుండును. గణితము నేర్చుకొనిరో లేదో గాని, పిల్లలు ఆనాడు ఒక పాఠమును తప్పక నేర్తురు: పెద్దలకు బని కాదు, పని కనబడుట కావలెనని. పదునాలుగేండ్ల ప్రాయమున, గురువు చేతిమీదుగా నేర్చిన యీ పాఠము జన్మమంతయు మఱపునకు రాదు. బీరువాలో నిదురించు యంత్రము ధనమును మాత్రమే చెఱచును. లెక్కకొఱకు వెలుగు యంత్రము శీలమును చెఱచును. ఈ రెండింటిలో ఏది యెక్కువ నష్టమో గృహస్థులైన చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

నల్లబల్ల చరిత్రను జూచినచో ఈ సంగతి తేటపడును. వీథిబడులలో నొకప్పుడు ఇసుకమీద అక్షరములు దిద్దించెడివారు. పిమ్మట పలక, బలపము వచ్చినవి. పిమ్మట నల్లబల్ల వచ్చినది. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి మఱుసటి యేడు మొదలైన పథకమునకు నల్లబల్ల పేరే పెట్టిరనగా, అప్పటికి ఎన్ని ప్రాథమిక పాఠశాలలకు ఆ కనీసపు సాధనము సైతము కొఱతయై యుండెనో యూహింపవచ్చును. కాని బల్ల వచ్చినచోట అది బీరువాలో దాగలేదు. ఏలయనగా దానిమీద ఏమి వ్రాయవలెనో ఉపాధ్యాయుడే నిర్ణయించెను. తప్పు వ్రాసినచో తుడిచివేసెను. పిల్లవానిని బిలిచి వానిచేత వ్రాయించెను. వలదనుకొన్ననాడు దానివైపు వీపు ద్రిప్పి కథ చెప్పెను. నేడు బల్లపై ఎన్ని నిమిషములు వ్రాసితివని యెవ్వరును అడుగలేదు. అడుగనందువలననే అది అతని సొంతమయ్యెను.

యంత్రములన్నియు వ్యర్థములని మా వాదము గాదు. ఢిల్లీ నగరమున 6 మొదలు 9 తరగతులవఱకు జదువు 600కు బైబడిన పిల్లలపై జరిగిన యొక పరిశోధనము 2019లో బ్రకటింపబడెను. బడి విడిచిన పిమ్మట నడచు కేంద్రములలో, ప్రతి పిల్లవాని స్థాయిని గనిపెట్టి అచ్చటినుండియే పాఠము మొదలుపెట్టు కంప్యూటరు కార్యక్రమమునకు చీటీలు వేసి కొందఱిని ఎన్నుకొనిరి. నాలుగున్నర నెలలలో, చీటీ వచ్చినవారు రానివారికంటె గణితమునందును హిందీయందును స్పష్టముగా ముందుండిరి. దీనికి భిన్నముగా పెరూ దేశమున లక్షలకొలది ల్యాప్‌టాపులను బిల్లలకు బంచిరి. 319 పాఠశాలలలో జరిగిన పరిశోధనము 2012లో వెలువడగా, గణితమునందు గాని భాషయందు గాని పిల్లలకు మేలు జరిగిన జాడ కనబడలేదు. యంత్రము రెండుచోట్లను యంత్రమే. ఒకచోట అది, తొమ్మిదవ తరగతిలో గూర్చుండి అయిదవ తరగతి భిన్నములు రాని పిల్లవాని కష్టమునకు జవాబుగా వచ్చెను. మఱియొకచోట అది పంపకముగా మాత్రమే వచ్చెను. ప్రశ్న ముందు పుట్టినచోట యంత్రము పనిచేయును; యంత్రము ముందు పుట్టి ప్రశ్నను వెదకుకొనుచోట పనిచేయదు.

మన సీమలోనే దీనికి సాక్ష్యము గలదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత రిషివ్యాలీయందు గ్రామీణ విద్యాకేంద్రమువారు, ఒకే ఉపాధ్యాయుడు అనేక తరగతులను నడుపు పల్లెబడులకొఱకు ఒక సాధనమును నిర్మించిరి. దానిలో తీగలు లేవు, తెఱలు లేవు. అట్టముక్కలు మాత్రమే. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క కార్డు చేసి, గోడమీద నిచ్చెన చిత్రమును దగిలించిరి. పిల్లవాడు తా నున్న మెట్టును తానే చూచుకొని, తన కార్డును దానే దీసికొనును. తోటిపిల్లల సహాయము బొందును. అందుచే ఉపాధ్యాయుడు తనవలన సహాయము కావలసిన పిల్లవానియొద్ద గూర్చుండుటకు వీలు కలిగెను. ఈ పెట్టెలో బడి తరువాత ఇతర రాష్ట్రములకును వ్యాపించెను. తమిళనాడున జరిగిన కార్యమూలక బోధనకు ప్రేరకమయ్యెను. ఇది ప్రాథమిక పాఠశాలల సంగతి యని, ఉన్నత పాఠశాలలకు యథాతథముగా జెల్లదని మే మెఱుగుదుము. కాని దీనిలోని మర్మము అన్ని తరగతులకును జెల్లును. ఆ కార్డులు ఉపాధ్యాయుల నిత్యకష్టమునుండి పుట్టినవి. ఆ పల్లెల జీవనమునుండి మాటలను గ్రహించినవి. చిరిగినచో అక్కడనే మఱల వ్రాసికొనదగినవి. అదియే రెండవ జన్మము.

భాష యను కారణమును సైతము విస్మరింపరాదు. కుప్పము మూడు రాష్ట్రములు గలియు చోటు. తెలుగు, తమిళము, కన్నడము అచ్చట వీథిలో గలసి మెలసి వినబడును. తమిళ సరిహద్దున నుండు పల్లెలలో ఇంటిభాష యొకటి, బడిభాష యొకటి యైన పిల్లలు గలరు. దూరపు నగరమున గూర్చుండి ఏ యాసయు లేని యాంగ్లమున గాని, పుస్తకముల తెలుగున గాని చేసిన దృశ్యపాఠమునకు ఈ పిల్లలు తెలియరు. వారికి అర్థమైనదో లేదో మొగము జూచి కనిపెట్టి, ఒక్క ఇంటిమాటతో ముడి విప్పగలవాడు ఉపాధ్యాయుడే. కావున దృశ్యపాఠమును నడుమ నాపుటకు, వెనుకకు ద్రిప్పుటకు, దానికి భిన్నముగా జెప్పుటకు అతనికి హక్కుండవలెను. ఆపుటకు వీలులేని పాఠము బోధన కాదు, ప్రదర్శనము.

బాలికల సంగతి వేఱుగా జెప్పవలసియున్నది. బడిలో నేర్వలేనిదానిని ఇంటియొద్ద ఫోనులో నేర్చుకొనుడని చెప్పుట సులభము. ఇంట ఒకే ఫోను ఉన్నప్పుడు అది మొదట తండ్రి చేతికి, పిమ్మట అన్నదమ్ముల చేతికి బోవును. బాలిక చేతికి వచ్చువేళకు వంటపనియైన వచ్చును, చార్జింగైన పోవును, లేక ఆడపిల్లకు ఫోనేల యను మాటయైన వచ్చును. కావున ఇంటిమీద విడువబడిన యంత్రవిద్య అన్నను ముందుకు నడిపి చెల్లెలిని వెనుక నిలుపును. తరగతిగదిలో, ఉపాధ్యాయుని యెదుట, వంతువరుసను జరుగు వాడుకయే ఆమెకు సమానమైన పాలు. ఉపాధ్యాయుని స్వాతంత్ర్యమును మేము కోరుట ఆయన గౌరవముకొఱకు మాత్రమే కాదు. ఈ బాలిక పాలుకొఱకు సైతము.

ఇక ఒక గట్టి యాక్షేపణ గలదు. ప్రజల ధనముతో గొన్న వస్తువులను ఉపాధ్యాయుల యిష్టమునకు విడిచినచో, మంచివాడు వాడును, మందుడు మానును. అడుగువాడు లేకున్న పని సాగదు గదా యని. ఈ యాక్షేపణను మేము తేలికగా ద్రోసివేయము. ప్రజాధనమునకు లెక్క యుండవలసినదే. కాని లెక్క దేనికి? వస్తువు వెలిగిన నిమిషములకా, పిల్లవానికి తెలిసిన పాఠమునకా? మొదటిది కొలుచుట సులువు, రెండవది కష్టము. సులువైనదానిని గొలిచి కష్టమైనదానిని గొలిచితిమని చెప్పుకొనుట లెక్కగాదు, లెక్కకు వేషము. స్వాతంత్ర్యమనగా అడుగరాని స్థితి యని మా భావము కాదు. ఎందుకు వాడితివి, ఎందుకు మానితివి, పిల్లలకేమి తెలిసినదని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు నిజమైన జవాబు చెప్పవలసిన ఉపాధ్యాయుడు, నిమిషముల పట్టికను నింపవలసిన ఉపాధ్యాయునికంటె ఎక్కువ బాధ్యత వహించును. మందుడు పట్టికలో దాగవచ్చును. ప్రశ్నకు ముందు దాగలేడు.

దీనికి గావలసినవి అపురూపములు కావు. కొనుటకు ముందు కొందఱు ఉపాధ్యాయులకు ఒక సంవత్సరము వాడనిచ్చి, వారి మాట విని కొనుట. పగిలినచో మరమ్మతు చేయు మనుష్యుని సమీపమున నుంచుట, పగిలినందుకు ఉపాధ్యాయుని జేబు తడవకుండుట. వారమున కొక్క గంటయైన పాఠమును సిద్ధపఱచుకొనుటకు విడిచిపెట్టుట. పాఠశాల సముదాయ సమావేశములలో పై యాజ్ఞలు చదువుటకు మాఱు, ఒక ఉపాధ్యాయుడు తాను చేసిన పాఠమును తోటివారి యెదుట మఱల చేసి చూపుట. హాజరును జూచు యంత్రమును, పాఠము చెప్పు యంత్రమును వేఱుగా నుంచుట. దేశమున 2024-25 విద్యాసంవత్సరపు లెక్కలనుబట్టి 64.7 శాతము పాఠశాలలలో కంప్యూటర్లును, 63.5 శాతము పాఠశాలలలో ఇంటర్నెట్టును గలవు. మొదటి జన్మము అట్లు సాగుచునే యున్నది. పై నాలుగైదు పనులు రెండవ జన్మమునకు.

గృహస్థులు సైతము ఒక పని చేయవచ్చును. ఇది వారికి ఖర్చులేనిది. సాయంకాలము పిల్లవాడు బడినుండి రాగానే, నేడు తెఱమీద పాఠము చెప్పిరా, ట్యాబు దెఱచిరా యని యడుగుట మన యిండ్ల నలవాటగుచున్నది. మంచిబడి యనగా మెఱయు బడి యని తల్లిదండ్రులు తలంచినంత కాలము, మెఱుపునే బడులు సరఫరా చేయును. దానికి మాఱు, నేడు నీకు దెలిసిన దేమి, తెలియనిది నీవు ఎవరినడిగితివి యని యడుగుడు. కొన్ని దినములు పిల్లవాడు తడబడును. పిమ్మట బడిలోనే ఆ ప్రశ్నకు జవాబు సిద్ధము చేసికొని వచ్చును. ఇంటింటను ఈ ప్రశ్న పుట్టినచో ఆ బడి ఉపాధ్యాయునికి మీరిచ్చు బలము ఏ ప్రభుత్వపుటుత్తరువును ఈయజాలదు.

దానమును గూర్చి మన పెద్దలు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని విచారింపుమనిరి. పాత్రమును విచారించుట యనగా పుచ్చుకొనువాడు అర్హుడా యని శంకించుట మాత్రమే కాదు. ఇచ్చునది అతనికి నిజముగా చెందునా యని ఇచ్చువాడు తన్ను దాను ప్రశ్నించుకొనుట. వాడు హక్కుతోపాటు మాను హక్కును ఇచ్చినప్పుడే ఇచ్చుట పూర్ణమగును. మాను హక్కులేని వాడుక దాస్యము; దాస్యముననుండు గురువు పిల్లలకు స్వాతంత్ర్యమును నేర్పజాలడు. యంత్రమును ఎన్నివేలు కొనవలెనను ప్రశ్నకు ముందు, ఈ ప్రశ్నను ప్రభుత్వములును బ్రజలును విచారింతురు గాక యని మా మనవి.